కార్డు లేని స్టెంటు

ఇంజనీరు: గుండెలో స్టెంటు ఉన్న మనిషిని ఎమ్మారై గది గుమ్మంలో ఆపి కార్డేదీ అని అడుగుతారు. లేదంటే వెనక్కి పంపుతారు. ఇది నాకు మింగుడుపడటం లేదు డాక్టరమ్మా. ఉద్యోగమంతా ప్లాంటు ల్యాబులో ఉక్కు ముక్కల్ని కోసి, నునుపు పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసినవాణ్ణి. నా గుండెలోనూ రెండున్నాయి. అవి అయస్కాంతానికి లొంగుతాయో లొంగవో తెలుసుకోవడానికి నాకు కార్డు అక్కర్లేదు.

రేడియాలజిస్టు: మీకు అక్కర్లేదు మాస్టారూ. మీ వెనక కూర్చున్నాయన సంగతేమిటి? ఇచ్ఛాపురం దాటి ఎక్కడినుంచో వచ్చారు. ఆపరేషను ఎక్కడంటే బరంపురం అంటారు, ఎప్పుడంటే కరోనాకి ముందంటారు, ఏం చేశారంటే "స్ప్రింగు వేశారమ్మా" అంటారు. ఆ స్ప్రింగు గుండె రక్తనాళంలో పెట్టిన స్టెంటే అయితే మీతో నాకు తగువే లేదు. అది స్టెంటేనని నాకెలా తెలియాలి?

ఇంజనీరు: ఆయన దగ్గరికి తర్వాత వద్దాం. స్టెంటేనని ఖాయంగా తెలిసినవాడి లెక్క ముందు తేల్చండి. అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే లోహాలంటే మనకు తెలిసినవి మూడు: ఇనుము, కోబాల్టు, నికెలు. తమాషా ఏమిటంటే స్టెంట్లు ఈ మూడింటి మీదే బతుకుతున్నాయి. 1986లో ఫ్రాన్సులో, స్విట్జర్లాండులో మొదటి స్టెంట్లు పెట్టిననాటి నుంచి చాలాకాలం స్టెయిన్‌లెస్ స్టీలే వాడారు. ఆ తర్వాత స్థిరపడ్డ 316ఎల్ రకంలో మూడింట రెండొంతులు ఇనుమే, నికెలు 10 నుంచి 14 శాతం. ఇప్పటివి ఎక్కువగా కోబాల్టు, క్రోమియం. కాలి ధమనుల్లో పెట్టేవి నికెలు, టైటానియం. వినేవాడికి గుండె జారుతుంది. కానీ మూలకం పేరుతో పనిలేదు, పరమాణువులు ఎలా పేర్చుకున్నాయన్నదే ముఖ్యం. మా ప్లాంటులో మాగ్నెట్ క్రేను చల్లని ఉక్కును టన్నులకి టన్నులు ఎత్తుతుంది. అదే ఉక్కు 770 డిగ్రీలు దాటి కాలుతున్నప్పుడు దాని మాట వినదు. ఇంకా వేడెక్కితే పేర్పు మారి ఆస్టెనైట్ అవుతుంది. నికెలు సరిపడా కలిపామంటే చల్లారాక కూడా ఆస్టెనైట్ ఆస్టెనైట్‌గానే ఉండిపోతుంది. స్టెంటు ఉక్కు అదే. మీ 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంతం కంటే 30 వేల రెట్లు బలమైనది కావచ్చు. అయినా దాన్ని అది లాక్కోలేదు. పైగా బరువెంత? కొన్ని పదుల మిల్లీగ్రాములు!

రేడియాలజిస్టు: పాఠం బాగుంది. మరి మీ పాఠంలోనిదే ఒక ప్రశ్న. స్టెయిన్‌లెస్ తీగను చల్లగా లాగితే, వంచితే, సాగదీస్తే కొంత మార్టెన్సైట్ పుడుతుంది కదా? అది అయస్కాంతానికి అతుక్కుంటుంది కదా?

ఇంజనీరు: పుడుతుంది. 304 రకంలో బాగానే పుడుతుంది. స్టీలు గిన్నె మధ్యలో అయస్కాంతం నిలవకపోయినా, సాగదీసి వంచిన అంచు దగ్గర కాస్త పట్టుకోవడం అందుకే. 316ఎల్‌లో అంత సులువుగా పుట్టదు. అందులో నికెలు ఎక్కువ కదా.

రేడియాలజిస్టు: అంత సులువుగా పుట్టదు అన్నారు. అసలు పుట్టదు అనలేదు. నాళాల్లో వేసే పాతకాలపు కాయిల్స్‌లో, రక్తం గడ్డల్ని ఆపడానికి పెద్ద సిరలో పెట్టే కొన్ని ఫిల్టర్లలో కొద్దిపాటి అయస్కాంత గుణం ఉన్నవి ఉండేవి. మావాళ్ళు వాటిని బలహీన ఫెర్రోమాగ్నెటిక్ అని విడిగా రాసుకుని, చుట్టూ కండ పట్టేదాకా ఆరువారాలు ఆగమనేవారు. గుండె స్టెంట్ల మీద పడ్డ భయం సగం అక్కణ్ణుంచి అరువు తెచ్చుకున్నదే, ఒప్పుకుంటాను.

ఇంజనీరు: ఒప్పుకున్నారు కాబట్టి ఇదీ వినండి. గుండె స్టెంటు పెట్టాక ఎనిమిది వారాలు ఎమ్మారై వద్దని కంపెనీలే రాసిన రోజులున్నాయి. దానికి ఆధారమేమిటి? స్టెంటు మీద లోపలిపొర కప్పుకునేదాకా అది కదులుతుందేమోనన్న ఊహ. బెలూనుతో అంత ఒత్తిడి పెట్టి నాళం గోడకి నొక్కిన వస్తువు కదులుతుందా? 2003లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఎనిమిది వారాలు నిండకుండానే 1.5 టెస్లాలో స్కాను చేయించుకున్న 111 మంది రికార్డులు తిరగేశారు. స్కాను వల్ల స్టెంటు మూసుకుపోయినవాడు ఒక్కడూ దొరకలేదు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తేల్చి చెప్పేసింది: 3 టెస్లా వరకు, స్టెంటు పెట్టిన తర్వాత ఎప్పుడైనా చేయొచ్చని. అంతా జరిగి ఇన్నేళ్ళయింది. మొన్న ఒక స్కానింగ్ సెంటరులో మా వియ్యంకుణ్ణి ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నారు. నడుము నొప్పితో లేవలేక, కూర్చోలేక ఉన్నాడాయన.

రేడియాలజిస్టు: ఆ పని తప్పు. ఎనిమిది వారాల నియమం నేను పాటించను, మా దగ్గర ఎవర్నీ పాటించనివ్వను. అయితే ఆ 2007 ప్రకటన దగ్గరే మీరు ఆగిపోతున్నారు. స్టెంట్ల మీద ఇప్పుడుండే ముద్ర "సురక్షితం" కాదు, "షరతులతో". ప్లాస్టిక్, గాజు లాంటి వాటికే మొదటి ముద్ర. లోహం అనగానే షరతులు వస్తాయి: ఎన్ని టెస్లాలు, ఎంత రేడియో శక్తి, ఎన్ని నిమిషాలు. ఆ షరతులు రాసి ఉండేది మీరు అక్కర్లేదంటున్న కార్డు మీదే.

ఇంజనీరు: లాగుడు లేదని తేలాక ఇంకా షరతులెందుకు?

రేడియాలజిస్టు: లాగుడు మూడింట్లో ఒకటే మాస్టారూ. రెండోది వేడి. మా యంత్రం అయస్కాంతంతో పాటు రేడియో తరంగాలు కూడా పంపుతుంది, 1.5 టెస్లాలో సుమారు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో 128. శరీరంలో ఉన్న పొడవాటి లోహం ఆ తరంగాలకి యాంటెన్నా అవుతుంది. తరంగం పొడవులో సగానికి దగ్గరగా ఉన్న తీగ కొసల దగ్గర బాగా వేడెక్కుతుంది. కండలో ఆ సగం 1.5 టెస్లాకి దాదాపు 26 సెంటీమీటర్లు, 3 టెస్లాకి దాదాపు 13. మీ గుండెలో ఉన్నవి రెండు మూడు సెంటీమీటర్లవి, వాటికి భయం లేదు. తొడ ధమనిలో ఒకదానిమీదొకటి ఎక్కించి మోకాలిదాకా వేసిన స్టెంట్లు ఉంటాయి, పొగతాగేవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో. అవి ఎంత పొడవో నాకు తెలియాలా వద్దా? నడిచే రక్తం వేడిని తీసుకుపోతుంది, నిజమే. ఆ స్టెంటు మూసుకుపోయి ఉంటే తీసుకుపోయేదేదీ ఉండదు.

ఇంజనీరు: అంటే "స్టెంటు" అన్న ఒక్క గడి చాలదు. ఎక్కడిది, ఎంత పొడవు, ఎన్ని అని అడగాలి. మీ ఫారంలో అది ఉందా?

రేడియాలజిస్టు: లేదు. ఉండాలి.

ఇంజనీరు: మూడోది?

రేడియాలజిస్టు: బొమ్మ. దాని దగ్గరికి వస్తాను, మీకు అదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. దానికంటే ముందు ఇచ్ఛాపురం ఆయన్ని కూర్చోబెట్టే ఉంచాం, చూడండి. స్ప్రింగు అంటే స్టెంటు కావచ్చు. పేస్‌మేకరు తీగ కావచ్చు. మెదడులో ఉబ్బిన నాళానికి వేసిన కాయిలు కావచ్చు, క్లిప్పు కావచ్చు. 1993లో అమెరికా రేడియాలజీ పత్రికలో వచ్చిన కేసు మాకు చదువుకునేటప్పుడే చెబుతారు. తలలో క్లిప్పు ఉన్న మనిషిని స్కానులోకి పంపారు. క్లిప్పు తిరిగింది, నాళం చిట్లింది, మనిషి పోయాడు. అక్కడ మీ ఆస్టెనైట్ పాఠం ఎవరినీ కాపాడలేదు. ఆ క్లిప్పు అయస్కాంతానికి లొంగే రకం మరి.

ఇంజనీరు: ఆ కేసు నేనూ చదివాను. కాగితం లేక జరిగిందా అది? క్లిప్పు ఏ రకమో ముందే అడిగారు, అయస్కాంతానికి లొంగని రకమని అనుకున్నారు. తీరా తర్వాత చూస్తే అది వేరే రకం. కార్డు అడగడం మీద మీకున్న నమ్మకానికి అదే పెద్ద దెబ్బ కదా. కాగితం చెప్పిందల్లా నిజం కాదని ఆ కేసు చెబుతోంది.

రేడియాలజిస్టు: అందుకే కాగితం ఉన్నా మళ్ళీ అడుగుతాం. మీరేమో ఆ కేసు చూపించి అసలు కాగితమే వద్దంటున్నారు. సరే, ఇంకో సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ప్లాంటులో ఎప్పుడైనా గ్రైండరు పట్టారా?

ఇంజనీరు: పట్టకుండా ఎలా? నమూనా కోయాలన్నా, అరగదీయాలన్నా అదే.

రేడియాలజిస్టు: కళ్ళద్దాలు లేకుండా?

ఇంజనీరు: తొలిరోజుల్లో... ఉండొచ్చు. ఒకసారి కంట్లో రజను పడితే డాక్టరు తీశాడు.

రేడియాలజిస్టు: మొత్తం తీశాడా, ఎక్స్‌రే తీసి చూశారా?

ఇంజనీరు: ఆ రోజుల్లో ఎక్స్‌రే ఎవరు తీస్తారమ్మా.

రేడియాలజిస్టు: 1986లో రాసిన ఒక కేసులో రేకుల పని చేసే మనిషి కంట్లో ఎప్పటిదో ఇనుప తునక ఉండిపోయింది. ఆయనకే తెలియదు. స్కానులో అది కదిలి, కంట్లో రక్తం చిమ్మి, చూపు పోయింది. ఈ ఊరు చూడండి. ఉక్కు ఫ్యాక్టరీ, షిప్‌యార్డు, డాక్‌యార్డు, ఆటోనగరు, వీధివీధికీ వెల్డింగు షాపు. ఈ ఊళ్ళో ఎమ్మారై గదికి వచ్చే మగవాళ్ళలో గ్రైండరో వెల్డింగు టార్చో పట్టనివాళ్ళని వెదకాలి. మీ గుండెలో ఉన్న స్టెంటు సంగతి నాకు దిగులే లేదు. మీ కంటి సంగతి ఉంది. స్టెంటు గురించి ఇంతసేపు వాదించారు, కంటి సంగతి నేనడిగేదాకా చెప్పలేదు. తెలివైనవాళ్ళు కూడా తమకి తెలిసిన ప్రమాదం గురించే మాట్లాడతారు. అందుకే నాకు అందర్నీ ఒకేలా ఆపే నియమం కావాలి.

ఇంజనీరు: దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ మీరన్నది నా వైపుకే వస్తుంది, చూడండి. మా వియ్యంకుణ్ణి ఆపిన చోట ఏమడిగారు? స్టెంటు కార్డు. కన్ను గురించి అడిగారా? అడగలేదు. ఆయన ఫ్యాబ్రికేషను కాంట్రాక్టరు. ప్రమాదం లేనిదానికి తలుపు మూశారు. ఎనిమిది వారాల తర్వాత స్టెంటు కార్డు పట్టుకుని వెళ్తే, కంట్లో తునక ఉన్నా సరే, తలుపు తీసేవారు. నియమం ఉండటం వేరు, అది చూడాల్సిన చోట చూడటం వేరు. కాగితం అడిగే అలవాటు పడ్డాక మనిషిని అడగడం మానేస్తారు.

రేడియాలజిస్టు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. బాగా నడిచే చోట రెండూ అడుగుతారు. అన్ని చోట్లా బాగా నడవదు.

ఇంజనీరు: ఇప్పుడా బొమ్మ సంగతి చెప్పండి. నన్ను ఆపడానికి ఇంకో కారణం దాచారు.

రేడియాలజిస్టు: ఆపడానికి కాదు, మీరు ఏ ఆశతో వస్తారో దానికి. చాలామంది మీలాగే అనుకుంటారు: స్కాను ప్రమాదం కాదని తేలింది కదా, మళ్ళీ ఆంజియోగ్రాం గొట్టం గుచ్చుకోకుండా, ఎక్స్‌రే కిరణాలు లేకుండా, స్టెంటు మూసుకుపోయిందో లేదో ఎమ్మారైలోనే చూసేయొచ్చు కదా అని. చూడలేం. మేం పంపే రేడియో తరంగానికి స్టెంటు జాలీ దోమతెరలా అడ్డం నిలుస్తుంది. లోపలి రక్తానికి తరంగం సరిగ్గా చేరదు, అక్కణ్ణుంచి వచ్చే జవాబూ బయటికి రాదు. దానికి తోడు లోహం చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం వంకరపోతుంది. ఫలితంగా స్టెంటు ఉన్నచోట తెర మీద నల్లటి ఖాళీ కనిపిస్తుంది, అసలు స్టెంటు కంటే లావుగా. రక్తం బ్రహ్మాండంగా పారుతున్న నాళం కూడా తెగిపోయినట్టు, మూసుకుపోయినట్టు ఉంటుంది. స్టెంటు ఉందని తెలియని కుర్ర డాక్టరు ఆ బొమ్మ చూసి "పూర్తిగా మూసుకుపోయింది" అని రాస్తే? రోగిని ఆంబులెన్సులో కేథ్‌ల్యాబుకి పరిగెత్తిస్తారు.

ఇంజనీరు: జాలీ ఊచలు పలచనవుతున్నాయి కదా? పాతవి 140 మైక్రాన్లుంటే కోబాల్టు క్రోమియంవి 80 చిల్లరకి దిగాయి.

రేడియాలజిస్టు: నయమే, చాలదు. నికెలు టైటానియం వాటిలో కాస్త మెరుగు. కోణం మార్చి, రేడియో పల్సు బలం పెంచి, కాంట్రాస్టు ఎక్కించి కాలి స్టెంట్లలో లోపల ఏం జరుగుతోందో కొంతవరకు పట్టినవాళ్ళున్నారు. గుండెలో, కొట్టుకునే గుండెలో, 3 మిల్లీమీటర్ల గొట్టంలో, అది జరిగే పని కాదు. అక్కడ సీటీ ఆంజియో మేలు, అదీ స్టెంటు 3 మిల్లీమీటర్లకి తగ్గకపోతే. మీ గుండె కండరం బతికి ఉందా, మచ్చ పడిందా అని చూడాలంటే మాత్రం ఎమ్మారైని మించింది లేదు. స్టెంటు చుట్టూ నల్లబడ్డా కండరం కనిపిస్తుంది.

ఇంజనీరు: అయితే ఉద్దానం మనిషి ఏం కావాలి? కిడ్నీలు దెబ్బతిన్న ఊళ్ళు అవి. ఆ మనిషి కాలి ధమనిలో స్టెంటుంది. సీటీకి, ఆంజియోకి ఎక్కించే అయోడిన్ మందు అతని కిడ్నీకి బరువు. ఎమ్మారైకి వాడే గెడోలినియంలో పాతరకాలు కిడ్నీ పాడైనవాళ్ళకి చర్మం గట్టిపడే జబ్బు తెచ్చాయని 2006లో బయటపడిందని మీరే ఎప్పుడో అన్నారు. మందు లేకుండా నాళాలు చూపించేది మీ ఎమ్మారై ఒక్కటే. అదీ స్టెంటు దగ్గర గుడ్డిదంటే?

రేడియాలజిస్టు: డాప్లర్. అల్ట్రాసౌండుతో కాలి స్టెంటులో పారుదల వేగం కొలుస్తాం. ఖర్చు తక్కువ, కిడ్నీకి ఏమీ కాదు, లోహం అడ్డంరాదు. చేసే మనిషికి ఓపిక, చెయ్యి తిరిగి ఉండటం కావాలి. కొత్తరకం గెడోలినియం మందుల్లో ఆ భయం చాలా తగ్గింది, అవసరమైతే అవీ వాడతాం. చూడండి, ఈ పేషెంటు విషయంలో ఎమ్మారైకి పంపాలా అన్న ప్రశ్నకి ముందు, ఎమ్మారై ఏం చూపించగలదన్న ప్రశ్న ఉంది. మీరు తలుపు తెరిపించడానికే పోట్లాడుతున్నారు. తలుపు తెరిచినా లోపల మీకు కావాల్సింది ఉండకపోవచ్చు.

ఇంజనీరు: నా పోట్లాట గుండె బొమ్మ కోసం కాదు. స్టెంటున్న వందమందిలో ఎంతమందికి గుండె కోసం ఎమ్మారై రాస్తారు? నడుముకి రాస్తారు, మెడకి, మోకాలికి, తలకి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకి కళ్ళెం వేసింది. లక్ష దాటే మందుపూత స్టెంటు 29,600కి, మామూలుది 7,260కి దిగింది. అంతకు ముందు 2007లోనే మన దగ్గర ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. ఇన్నేళ్ళలో ఎంతమంది కూలీల, రైతుల గుండెల్లోకి స్టెంట్లు వెళ్ళాయో చూడండి. వాళ్ళంతా ఇప్పుడు ముసలివాళ్ళవుతున్నారు, నడుములు పోతాయి, పక్షవాతాలు వస్తాయి. పథకం కింద పనయ్యాక ఇచ్చిన ఫైలు పూరింటి చూరులో చెదలు పట్టింది. కార్డు అడిగే నియమం డబ్బున్నవాడిని ఆపదు. అతని కొడుకు హైదరాబాదునుంచి వాట్సాపులో పంపుతాడు. ఆపేది చూరులో ఫైలు పెట్టుకున్నవాణ్ణి.

రేడియాలజిస్టు: ఇది నేను కాదనలేనిది. కేజీహెచ్ లాంటి సర్కారు ఆసుపత్రికి 1923 నుంచి వస్తున్నది అలాంటి మనుషులే, పాడేరు కొండల నుంచి, కోరాపుట్ నుంచి కూడా.

ఇంజనీరు: మరి ఒక కేసు చెప్తా, మీరు తీర్పు చెప్పండి. పోర్టులో లారీ మీంచి పడ్డ కూలీ. రెండు కాళ్ళు మొద్దుబారుతున్నాయి, మూత్రం ఆగిపోయింది. వెన్నుపాము ఎక్కడ నలుగుతోందో ఎమ్మారై తప్ప ఇంకేదీ సరిగ్గా చూపించదు. గంటలు గడిస్తే కాళ్ళు శాశ్వతంగా పోతాయి. భార్య, గుండెలో ఏదో వేశారు అంటోంది. కార్డు లేదు. అర్ధరాత్రి.

రేడియాలజిస్టు: తీసుకుంటాను.

ఇంజనీరు: కార్డు లేకుండానే?

రేడియాలజిస్టు: కార్డు లేకుండానే. ఛాతీకి, తలకి ఎక్స్‌రే తీయిస్తాను. పేస్‌మేకరుంటే డబ్బీ కనిపిస్తుంది, తలలో క్లిప్పుంటే కనిపిస్తుంది, పలచటి స్టెంటు కనిపించీ కనిపించక ఉంటుంది. తల మీద కుట్ల మచ్చలు చూస్తాను. ఛాతీ మీద, తొడ మొదట్లో, మణికట్టు దగ్గర చేత్తో తడుముతాను. భార్యని మూడు రకాలుగా అడుగుతాను. 1.5 టెస్లాలోనే, రేడియో శక్తి మామూలు హద్దు దాటకుండా, అంటే కిలోకి 2 వాట్లకి మించకుండా చేస్తాను. పక్కనే నిలబడతాను. న్యూరోసర్జను, నేను ఇద్దరం సంతకం పెడతాం.

ఇంజనీరు: మొత్తం ఎంతసేపు పడుతుంది?

రేడియాలజిస్టు: అరగంటలోపే.

ఇంజనీరు: ఆ అరగంట మోకాలి నొప్పి మనిషికి ఎందుకు దొరకదు?

రేడియాలజిస్టు: దొరకాలంటే నేనుండాలి. చాలా సెంటర్లలో రాత్రిపూట ఉండేది ఒక టెక్నీషియను. కోర్సు పూర్తిచేసి ఏడాది కాని కుర్రాడు. బయట పదిమంది వరసలో ఉంటారు, ఒక్క మిషను, ఒక్క మనిషి. అతని చేతికి "నీ బుద్ధికి తోచినట్టు చెయ్" అన్న నియమం ఇవ్వనా, "కార్డు లేకపోతే వద్దు" అన్న నియమం ఇవ్వనా? 2018 జనవరిలో ముంబైలో నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్ళిన యువకుడు చనిపోయాడు. అయస్కాంతం ఎప్పుడూ ఆగదన్నది మాకు మొదటి పాఠం. పాఠం తెలిసినా, హడావుడిలో ఒక్క క్షణం చాలు. నియమాన్ని నాకోసం రాసుకోలేదు మాస్టారూ, ఆ కుర్రాడి కోసం రాశాం.

ఇంజనీరు: కొంత మీకోసం కూడా.

రేడియాలజిస్టు: కొంత నాకోసం కూడా. కేసు పడితే కోర్టు నన్ను ఆస్టెనైట్ గురించి అడగదు, కార్డు చూశారా అని అడుగుతుంది.

ఇంజనీరు: ఒప్పుకున్నందుకు సంతోషం. నా వైపునుంచి నేనూ ఒకటి ఒప్పుకుంటాను. లోహం గురించి నేను చెప్పింది లోహం గురించే నిజం. మనిషి ఒంట్లో ఏముందో నేను మైక్రోస్కోపు కింద పెట్టి చూడలేను. కానీ మీరు భారమంతా వేస్తున్నది ఎవరి మీద? స్టెంటు తయారు చేసినవాడికి అది ఏ లోహమో తెలుసు. పెట్టినవాడికి ఎంత పొడవో తెలుసు. డబ్బు కట్టిన పథకానికి పేరూ ఊరూ తెలుసు. తెలియనిది ఒక్క రోగికే. ఆ రుజువు తెమ్మని అడిగేదీ అతన్నే! స్టెంటు డబ్బా మీద చింపి అంటించే స్టిక్కర్లుంటాయి. ఒకటి కేథ్‌ల్యాబు పుస్తకంలోకి, ఒకటి బిల్లులోకి వెళ్తుంది. చేతికి ఒకటి ఎందుకు రాదు?

రేడియాలజిస్టు: డిశ్చార్జి కాగితం మీద అంటిస్తారు, చాలాచోట్ల.

ఇంజనీరు: చూరులో ఉన్న కాగితం మీద.

రేడియాలజిస్టు: 2021 నుంచి ఆభా నంబరు ఇస్తున్నారు కదా, రికార్డులు ఫోన్లోనే చూసుకోవచ్చు. పద్ధతిగా ఎక్కిస్తే మీ తగువు తీరిపోతుంది.

ఇంజనీరు: ఎక్కిస్తే. 2007లో పెట్టించుకున్నవాడిది ఎవరు ఎక్కిస్తారు? ఇంకోమాట. హైదరాబాదులో కలాం గారు, గుండె డాక్టరు సోమరాజు గారు కలిసి చవక స్టెంటు తయారు చేసింది 1990ల్లో. ఇప్పుడు మా ప్లాంటు పక్కనే 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోను ఉంది, 2018 డిసెంబరులో మొదలుపెట్టారు. కలాం పేరుతోనే అందులో ఒక ఆరోగ్య సాంకేతిక సంస్థ ఉంది. వైద్య పరికరాల్ని పరీక్షించే ల్యాబులూ ఉన్నాయి. స్టెంటు లాగుడు పరీక్ష ఎంత తేలికో మీకు తెలుసు. దారానికి కట్టి అయస్కాంతం మూతి దగ్గర వేలాడదీస్తారు. 45 డిగ్రీల లోపు వంగితే, దాని సొంత బరువు కంటే లాగుడు తక్కువ. మన దేశంలో అమ్మిన ప్రతి గుండె స్టెంటుకీ ఆ అంకె, వేడి అంకె ఒక్క పట్టికలో రాసి ప్రతి స్కానింగ్ సెంటరు గోడకీ అంటించండి. అందులో లొంగేది ఒక్కటీ లేకపోతే, గుండె స్టెంటుకి కార్డు అడగాల్సిన పనేముంది?

రేడియాలజిస్టు: పట్టిక నేనూ కోరుకునేదే. రేపొస్తే రేపే అంటిస్తాను. అది చెప్పేది మార్కెట్లో ఉన్న స్టెంటు గురించి. నా ముందు కూర్చున్న మనిషిలో ఉన్నది ఆ పట్టికలోదో కాదో ఆ పట్టిక చెప్పదు. "స్ప్రింగు" అన్నవాడి దగ్గర మనం మొదలుపెట్టిన చోటే ఉంటాం.

ఇంజనీరు: అక్కడే ఉంటాం, ఒప్పుకుంటాను. అయితే ఒకటి అడుగుతాను. కార్డు లేనివాణ్ణి లోపలికి పంపి ఏదైనా జరిగితే పత్రికలో వస్తుంది. కేసు పడుతుంది, మీ చదువుల్లో పాఠమవుతుంది. 1993 కేసు ముప్ఫయ్యేళ్ళు దాటినా మీకు గుర్తుంది. కార్డు లేదని వెనక్కి పంపినవాడు, మూడు నెలల తర్వాత వెన్నులో గడ్డ ముదిరాక తిరిగొస్తే, అతని కేసు ఎక్కడుంది?

రేడియాలజిస్టు: ఎక్కడా లేదు. వెనక్కి పంపినవాళ్ళ పేర్లు మేం రాసుకోం. తిరిగి వచ్చారో లేదో కూడా తెలియదు.

ఇంజనీరు: రాయండి మరి. పేరు, ఊరు, ఎందుకు పంపారు, మళ్ళీ వచ్చారా.

రేడియాలజిస్టు: రాస్తే మీదే నెగ్గుతుందనుకుంటున్నారా?

ఇంజనీరు: నెగ్గొచ్చు, నెగ్గకపోవచ్చు. ఇప్పుడు మీ పుస్తకంలో ఉన్నది ఒక పక్క లెక్కే.

రేడియాలజిస్టు: రాయిస్తాను. పక్కన ఇంకో గడి కూడా గీయిస్తాను, మీకు నచ్చకపోయినా. స్టెంటు తప్ప ఇంకేమీ లేదని చెప్పి, ఎక్స్‌రేలో ఇంకేదో బయటపడ్డవాళ్ళు ఎంతమందో. రెండు గడులూ నిండాక మీరు రండి, అప్పుడు మళ్ళీ మొదలుపెడదాం.

ఇంజనీరు: నిండేదాకా ఆ తలుపు దగ్గర ఎవరి మాట నడుస్తుంది?

రేడియాలజిస్టు: ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళది.